అప్‌డేట్: చీలిన గోరుకు గ్రాఫ్ట్ చేయించుకున్నాను

తలుపు సందులో నలిగిన వేలికి గోరు రెండుగా చీలి పెరుగుతోంది, గ్రాఫ్ట్ (వేరే చోటి నుంచి పొర తెచ్చి అతికించడం) చేయించుకోవచ్చా అని ఇంతకుముందు అడిగాను కదా, చేయించుకున్నాను. గోరు కింద మిగిలిన మచ్చే కారణమట, దాని మీద గోరు అతుక్కోదు. వేలి వరకే మత్తిచ్చి, మచ్చ కోసేసి, కాలి బొటనవేలి గోరు కింద నుంచి పలచటి పొర తీసి అక్కడ కుట్టారు. అంత పలచగా తీస్తే కాలి గోరు సాధారణంగా పాడవదన్నారు. నిజం చెప్పాలంటే చేతికన్నా కాలే ఎక్కువ సలిపింది. గోరు నెలకు దాదాపు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, కాబట్టి టెన్షన్ పడి లాభం లేదు. కొత్త గోరు సగం దాకా వచ్చింది, సన్నటి గీత ఉంది గానీ చీలిక లేదు, బట్టల దారాలు అందులో ఇరుక్కోవడం లేదు, నాకదే చాలా సంతోషం! గోరు పుట్టుకొచ్చే మొదలు భాగానికే దెబ్బ తగిలితే మాత్రం ఈ పలచటి పొర సరిపోదట, ముందే అడిగి తెలుసుకోండి.