టిఫిన్ అంటే వేళా? వంటకమా?

మా అక్కావాళ్లు కోల్‌కతాలో ఉంటారు. మొన్న వేసవి సెలవులకి మేనల్లుడు ఊరికి వచ్చి, మధ్యాహ్నం పన్నెండున్నరకి వంటింటి గుమ్మంలో నిలబడి "అమ్మమ్మా, ఇవాళ టిఫిన్ ఏంటి?" అని అడిగాడు. అప్పటికి అన్నం అయిపోయింది, పప్పు తాలింపు కూడా పెట్టేసింది అమ్మ. "అన్నం వేళకి టిఫినేంట్రా" అంటూనే, పిల్లాడు అడిగాడు కదా అని ఉప్మాకి ఎసరు పెట్టేసింది. వాడికేమో స్కూల్లో మధ్యాహ్నం బెల్ కొట్టాక తినేదంతా టిఫినే, అందులో ఏమున్నా సరే.

అప్పట్నుంచీ ఈ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే పాత అర్థం ప్రకారం మేనల్లుడిదే రైటు.

టిఫిన్ అచ్చంగా ఇంగ్లీషు మాటే, కాకపోతే ఇండియాలో స్థిరపడ్డ ఇంగ్లీషువాళ్ల మాట. యూల్, బర్నెల్ కలిసి కూర్చగా 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ అనే ఆంగ్లో-ఇండియన్ మాటల నిఘంటువులో దీనికి ఇచ్చిన అర్థం మధ్యాహ్నపు తిండి. (బర్నెల్ మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన సివిల్ సర్వీసు అధికారి, మన వైపు మాటలు ఆయనకు బాగా తెలుసు.) ఆ మాట పుట్టుక గురించి వాళ్లు చూపించిన ఆధారం 1785 నాటి గ్రోస్ నిఘంటువు. లండన్ వీధి మాటలు పోగేసిన ఆ పుస్తకంలో 'టిఫింగ్' అంటే భోజన వేళ కాని వేళ ఏదైనా తినడమో తాగడమో అని ఉంది. ఆ రోజుల్లో దొరల డిన్నర్ మధ్యాహ్నం రెండింటికి ఉండేది, అది మెల్లమెల్లగా సాయంత్రానికి, తర్వాత రాత్రికి జరుగుతూ పోయేసరికి మధ్యలో ఆకలికి ఏదో ఒకటి కావాలి కదా, ఆ ఖాళీలో ఇక్కడ టిఫిన్ కూర్చుంది, అక్కడ ఇంగ్లండులో లంచన్ కూర్చుంది. అదే పొట్టిదై లంచ్ అయింది.

అంటే మధ్యాహ్నపు తిండికి ఇంగ్లీషు నుంచి మనకు రెండు మాటలు వచ్చాయి. నాకు బాగా నచ్చిన సంగతి ఏంటంటే, తెలుగు ఆ రెంటినీ సరిగ్గా పంచుకుంది. లంచ్ దగ్గర వేళను తీసుకుంది, టిఫిన్ దగ్గర వంటకాన్ని తీసుకుంది.

గమనించి చూడండి. "లంచ్ తర్వాత రండి" అని కౌంటర్ దగ్గర చెప్తారు, "లంచ్‌లో కలుద్దాం" అంటాం, "లంచ్ అయిందా" అని ఆఫీసులో పలకరిస్తాం. అన్నీ గడియారానికి సంబంధించినవే. ఇంటికొచ్చాక మాత్రం ఆకలేస్తే "అన్నం పెట్టు" అంటాం గానీ "లంచ్ వడ్డించు" అని మా ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు.

టిఫిన్ దీనికి పూర్తిగా ఉల్టా. పొద్దున ఏడింటికి తిన్నా, సాయంత్రం అయిదింటికి తిన్నా, రాత్రి తొమ్మిదింటికి తిన్నా దోశ టిఫినే. మా నాన్న శనివారం ఒంటిపూట ఉంటారు, రాత్రికి "టిఫినే" అంటారు. ఆ మాటకి అర్థం ఒక్కటే, అన్నం ముట్టుకోరు అని. చపాతీ కావచ్చు, ఉప్మా కావచ్చు. అదే ఒక రైతు పొద్దున్నే చద్దన్నం తిని పొలానికి పోతే, అది తినే వేళ టిఫిన్ వేళే అయినా దాన్ని టిఫిన్ అనం. కాబట్టి తెలుగులో టిఫిన్ అంటే అన్నం కానిది. పలహారం అనే మాట ముందే ఈ దారిలో నడిచింది, పేరులో పండు ఉన్నా మనకి గుర్తొచ్చేది పండు కాదు.

ఇక్కడో చిక్కుంది. కట్టెపొంగలి బియ్యంతోనే కదా చేస్తాం, మరి టిఫిన్ సెంటర్లో ఇడ్లీ పక్కనే అమ్ముతారు. నేను చాలాసేపు ఆలోచించి అనుకున్నది, అన్నం అంటే ఇక్కడ బియ్యం కాదు, కూర, పప్పు, పెరుగు వరసగా కలుపుకుని తినే తీరు. పొంగలికి ఆ వరస లేదు, ఒక్క చట్నీతో అయిపోతుంది.

మరి టిఫిన్ బాక్సు? అందులో కట్టేది ముమ్మాటికీ అన్నమే, పప్పన్నమో పెరుగన్నమో. తెలుగులో ఆ పాత మధ్యాహ్నపు అర్థం బతికున్నది ఆ స్టీలు డబ్బాలోనే అని నా అభిప్రాయం. పిల్లలు ఇప్పుడు దాన్నీ కుదించి "బాక్స్ తెచ్చుకున్నావా" అనేస్తున్నారు, అంతస్తులున్నదైతే మా వైపు క్యారేజీ. ఇవేవీ రాకముందు పనికి కట్టుకుపోయే తిండికి మనకి సద్ది ఉండనే ఉంది. పోతన గోపబాలురు అడవిలో తిన్న చలిదే అది. తెలంగాణ పల్లెల్లో సద్ది, సద్దిమూట ఇప్పటికీ వినిపిస్తాయి, ఆ మాట పోకూడదని నాకు గట్టిగా ఉంది.

మీ వైపు ఎలా అంటారో రాయండి. ముఖ్యంగా పులిహోర సంగతి చెప్పండి. పొద్దున్నే పులిహోర పెడితే మా అమ్మ "టిఫిన్ అయిపోయింది" అంటుంది, మా అత్తగారు "పొద్దున్నే అన్నం తినేశాం" అంటారు.