వేగపడకా, వేగిరపడకా?

తిరుచానూరు: పొద్దున ఒకరి మాట నమ్మి, సాయంత్రానికి ఇంకొకరి మాటకు మనసు మార్చుకునే మనిషిని ఒక్క పదంలో ఏమనాలి? ‘చెప్పుడు మాటలు వినేవాడు’ అన్నది వర్ణన, పేరు కాదు. నిన్నటి నుంచి సుమతి పద్యం నోట్లో ఆడుతోంది. ‘వినదగు నెవ్వరు చెప్పిన, వినినంతనె వేగిరపడక...’ అక్కడికి వచ్చేసరికి నడక కుంటుతోంది.

చంద్రగిరి: కుంటక ఏం చేస్తుంది, ‘వేగిర’ పెట్టారు కదా! అది ‘వేగపడక’. కందం రెండో పాదంలో మూడో గణం (అక్షరాల గుంపు) నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) కావాలి. వినినం, తనెవే, గపడక, వివరిం, పదగున్. ‘గపడక’ చక్కని నలం. ‘వేగిర’ అంటే ఒక మాత్ర పెరిగి నాలుగో గణం ‘క’తో మొదలవుతుంది, పాదం మొదటి అక్షరం ‘వి’తో కుదరాల్సిన యతి పోతుంది.

పుత్తూరు: గణాలు ఒప్పుకుంటాను మాస్టారూ. నా పేచీ ‘వివరింపదగున్’తో. ఎవరికి వివరించాలి? విన్నదాన్ని మరొకరికి వివరించడమే అయితే, ‘కని కల్ల నిజము తెలిసిన’ అన్న మూడో పాదం అతకదు.

కపిలతీర్థం: ఇక్కడ వివరించడమంటే చెప్పడం కాదండీ, విప్పి చూడడం. సంస్కృతంలో ‘వివరం’ అంటే రంధ్రం, బిలం కూడా. మూసి ఉన్నదాన్ని తెరిస్తే లోపల ఏముందో కనిపిస్తుంది. అందుకే వెంటనే ‘కని’ వచ్చింది. విను, విప్పు, కను: ఈ వరుస పట్టుకుంటే పద్యం చేతికి వస్తుంది.

చంద్రగిరి: అంత లోతుకు దిగనవసరం లేదు. ‘విచారించి చూడాలి’ అంటే చాలు. బద్దెన రాశాడని చెప్పుకునే ఈ పద్యాలు సామాన్యుల కోసం పుట్టినవి. బిలాలు తవ్వితే వాటి తేట పోతుంది.

కపిలతీర్థం: తేటగా ఉన్నంత మాత్రాన లోతు లేదనకూడదు.

చిత్తూరు: అడిగిన పదం కాళిదాసు దగ్గర ఉంది. మాళవికాగ్నిమిత్రం నాటకం ప్రస్తావనలో ‘మూఢః పరప్రత్యయనేయబుద్ధిః’ అన్నాడు. పరుల నమ్మకం ఎటు లాగితే అటు పోయే బుద్ధి గలవాడు. ఆ సమాసానికి ప్రాణం ‘నేయ’ దగ్గర ఉంది. అతను నడవడు, నడిపించబడతాడు.

తిరుచానూరు: సమాసం అద్భుతం, కానీ కూరగాయల అంగడి దగ్గర పలకలేను. ‘గంగిరెద్దు’ అంటే?

పుత్తూరు: వద్దండీ. సంక్రాంతికి వాకిట్లో నిలబడినప్పుడు దాని కళ్లు గమనించండి. అది మన మాటకు తల ఊపదు, తనను ఆడించేవాడి డోలుకు, చేతి సైగకు ఊపుతుంది. అది నేర్పిన పని, మనసు మారడం కాదు. ‘గోడ మీది పిల్లి’ అసలే కుదరదు, ఆ పిల్లికి తన లాభం తెలుసు. ‘గాలివాటం మనిషి’ నయం.

కాణిపాకం: గాలివాటంలోనూ అవకాశవాదం వాసన వస్తుంది. నాకు కైకేయికి సరిపోయే పదం కావాలి. రాముడి పట్టాభిషేకం మాట వినగానే ఆమె సంతోషంతో మంథరకు ఆభరణం ఇచ్చింది. చెడ్డ మనసు కాదు, తెలివితక్కువా కాదు. అదే మనిషి కాసేపటికి కోపగృహంలో ఉంది. ‘మూఢ’ అని కొట్టిపారేస్తే వాల్మీకి పడ్డ శ్రమంతా వృథా.

కపిలతీర్థం: బాగా చెప్పారమ్మా. ‘కని’ దగ్గరకే మళ్లీ వస్తాను, మన అన్నమయ్యను తలవకుండా ఉండలేను. ‘నానాటి బదుకు నాటకము, కానక కన్నది కైవల్యము’. సుమతిలో, కన్నవాడికి నిజం తెలుస్తుంది. ఇక్కడ కానక కన్నదే పరమం. పైగా ‘పుట్టుటయు నిజము పోవుటయు నిజము’ అని రెండు నిజాలు చెప్పి, నట్టనడిమి పనిని నాటకం చేశాడు.

చంద్రగిరి: ‘బతుకు’ అని కదా పాడతారు?

కపిలతీర్థం: రెండు విధాలా పాడతారు. నాకు ‘బదుకు’ ఇష్టం. ‘నాటి’ తర్వాత ‘ద’ మెత్తగా దిగి, ‘నాటకము’లోని ‘ట’ను గట్టిగా నిలబెడుతుంది.

చంద్రగిరి: నేను ఒప్పుకోను. ‘త’ ఉంటేనే ఆ పల్లవికి బిగువు. అన్నమయ్య బిగువును వదులుకునే కవి కాదు.

పుత్తూరు: ‘కని’ని ‘కల్ల’తో అతికించి ఒకే మాటగా అచ్చు వేసిన పాఠాలూ ఉన్నాయి. విడదీసి చదివితేనే ‘కని’ క్రియగా నిలుస్తుంది. కపిలతీర్థం గారి వరుసంతా ఆ ఖాళీ మీదే ఆధారపడి ఉంది, దాని గురించి చెప్పండి.