నూనూగా, నూనుగా?

అమలాపురం: మా వాడు తొమ్మిదో తరగతి. పొద్దున్నే అద్దానికి ముక్కు ఆనించి పైపెదవి మీద కొబ్బరినూనె రుద్దుకుంటున్నాడు. చూడగానే శ్రీనాథుడి సీసపద్యంలోని "నూనూగు మీసాల నూత్న యౌవనమున" గుర్తొచ్చింది. మా నాన్నగారు మాత్రం "నూనుగు" అనే చదివేవారు. ఏది సరైందండీ?

పాలకొల్లు మాస్టారు: నూనూగే. నూగు నూగు కలిస్తే నూనూగు. గణం చూసుకోండి, గురువు గురువు లఘువు, తగణం.

తణుకు: నూనుగు అయితే గురువు లఘువు లఘువు, భగణం. సీసంలో చెల్లే ఇంద్రగణాలే కదా రెండూ మాస్టారూ. యతి, అంటే అక్షరమైత్రి కూడా నూ–నూత్నకే, రెండో అక్షరం జోలికి పోదు.

పాలకొల్లు మాస్టారు: గణాలు నాకు తెలియక కాదు. చెవి అనేది ఒకటుంటుంది. "నూనుగు" అంటే మీసం అక్కడే రాలిపోతుంది.

రాజోలు: నా లెక్క వేరు. నూగులంటే నువ్వులు, నూనె వాటిదే. ఆ వయసులో మొహమంతా జిడ్డే కదా, అందుకే నూనూగు!

కాకినాడ డాక్టరమ్మ: వ్యుత్పత్తి ఏమో గానీ జిడ్డుకీ మీసానికీ మూలం ఒకటే. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం ఓ హార్మోన్‌ని, అదే జీఎన్‌ఆర్‌హెచ్‌ని విడతలు విడతలుగా వదలడం మొదలెడుతుంది, తొలిరోజుల్లో ఎక్కువగా నిద్రలోనే. దాంతో మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి మరో రెండు హార్మోన్లు, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ వదులుతుంది. ఎల్‌హెచ్ వల్ల వృషణాల్లో మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ తయారవుతుంది. చర్మంలోని నూనెగ్రంథులూ, వెంట్రుక కుదుళ్లూ దాని మాటే వింటాయి. కనీకనపడని నూగు ముందు పెదవి మూలల్లో నల్లబడి, తర్వాత మధ్యకి వస్తుంది. కొబ్బరినూనె చేసేదేం లేదు. మగపిల్లల్లో ఈ మార్పులు 9–14 ఏళ్ల మధ్య మొదలవుతాయి. తొలి గుర్తు వృషణాలు పెరగడం, మీసం తర్వాతెప్పుడో.

తణుకు: అయితే "నూత్న" తప్పన్నమాట. శ్రీనాథుడు ఆలస్యంగా గమనించాడు.

ద్రాక్షారామం: ఆయన్నేమన్నా అంటే ఊరుకోనండి. ఆ సీసంలో నాలుగో పాదం మా ఊరి దేవుడు భీమనాయకుడిది, ఆయ్! తను ఏ వయసులో ఏ కావ్యం రాశాడో శ్రీనాథుడు వరసగా చెప్పుకున్నాడు. మొదటి రెండు వయసులకీ కొలత జుట్టే, గమనించారా? ముందు చిరుత కూకటి, అంటే పసివాడి పిలక, తర్వాత మీసం. దాని ముందు మీ హార్మోన్లెంత?

రాజోలు: ఆడపిల్లకైతే ఈడేరింది, సమర్తాడింది, పెద్దమనిషైంది అని ఎన్ని మాటలో! పైగా చిమ్మిలి పెడతారు. అక్కడా నువ్వులే. నా సిద్ధాంతం నిలబడింది.

కాకినాడ డాక్టరమ్మ: వాళ్లలోనూ సమర్త మొదటి గుర్తు కాదండీ. రొమ్ములు పెరగడం మొదలైన రెండు మూడేళ్లకి వస్తుంది.

అమలాపురం: మరి మా నాన్నగారిది తప్పని ఇంకా తేలలేదుగా?

పాలకొల్లు మాస్టారు: తేల్చాను. పైకెళ్లి చదవండి.