స్కిజోఫ్రీనియా ఉన్న తమ్ముణ్ణి వాకింగ్‌కి బలవంతంగా లేపాలా, వదిలేయాలా?

పటమట అక్క:
మా తమ్ముడికి 34. ఎనిమిదేళ్లుగా మందులు వాడుతున్నాడు, చెవిలో మాటలు వినిపించడం చాలావరకు తగ్గింది, అదే మాకు పెద్ద ఊరట. కానీ ఓలాంజపిన్ అనే మాత్ర మొదలెట్టాక 62 కిలోలవాడు 88కి వచ్చేశాడు, మొన్న షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. పొద్దున పదయినా లేవడు. నాన్న ఆరింటికే దుప్పటి లాగేసి, నడిచొస్తేనే టిఫిన్ అంటారు. వాడు గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుంటాడు, చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. అలాగని నాన్నది తప్పని కూడా అనలేకపోతున్నా. మీ ఇళ్లల్లో ఏం చేశారు?

గుంటూరు బాబాయ్:
మీ నాన్నగారు చేసేదే కరెక్టమ్మా. మావాణ్ణి మేం పోన్లే వాడిష్టం అని వదిలేశాం, 41 ఏళ్లకే గుండెకి స్టెంట్ వేయించాల్సొచ్చింది. ఇలాంటి జబ్బులున్నవాళ్లు మిగతావాళ్లకంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే పోతున్నారని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తోంది, ఎక్కువమంది పోయేది గుండెజబ్బు, షుగర్ లాంటి వాటితోనే. పిల్లాడు ఏడ్చినా ముక్కు మూసి మందు పొయ్యమా? ఇదీ అంతే.

సత్యనారాయణపురం:
మేం పిల్లలం కాదు బాబాయ్ గారూ. నాకు బైపోలార్, అంటే కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు కుంగుబాటు, పదకొండేళ్లయింది. రాత్రి పదిన్నరకి మాత్ర వేసుకుంటే పొద్దున తొమ్మిది దాకా తలమీద ఇసుకబస్తా పెట్టినట్టుండేది, ఆ టైములో ఎవరైనా లేపితే ఏడుపొచ్చేసేది. డాక్టరుగారు మాత్ర ఎనిమిదింటికి మార్చాక ఏడున్నరకి నేనే లేస్తున్నా. అక్కా, స్కిజోఫ్రీనియాలో ఏ పని మీదా మనసు పుట్టకపోవడం కూడా జబ్బు లక్షణమే, బద్ధకం కాదు, ముందు నాన్నగారికి ఆ సంగతి చెప్పండి. ఇంకోటి, ఎండ. నేను బైపోలార్‌కి లిథియం అనే మందు వేసుకుంటా. ఒకసారి మే నెలలో మావాళ్ల పోరు పడలేక పదకొండింటికి బీఆర్‌టీఎస్ రోడ్డు మీద నడిచా, సాయంత్రానికి వాంతులు, చేతులు వణికి గ్లాసు కూడా పట్టుకోలేకపోయా. చెమటపట్టి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుందట, ఆ మాట అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు.

గుంటూరు బాబాయ్:
ఎండ సంగతి, మాత్ర టైము సంగతి ఒప్పుకుంటున్నా నాయనా, నాకు తెలీదు. కానీ నువ్వు నీ బాధ ఇంత వివరంగా చెప్పుకోగలుగుతున్నావు, మావాడు ఆకలేస్తోందని కూడా నోరు తెరిచి అడగడు. వాడంతట వాడికి బుద్ధి పుట్టేదాకా చూస్తూ కూర్చోమంటావా?

అరండల్‌పేట ఫిజియో:
కూర్చోవద్దు బాబాయ్, లాగనూ వద్దు, పక్కన నడవండి. వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేయాలి అని రాసిన డబ్ల్యూహెచ్‌ఓ 2020 గైడ్‌లైన్స్‌లోనే అసలేం చేయకపోవడం కంటే కొంచెమైనా మేలని కూడా ఉంది. నేనైతే వీధి చివరిదాకా వెళ్లి రావడం, ఐదు నిమిషాలు, అంతే, అక్కడ మొదలెడతా. కొన్ని మందులకి పడుకుని లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, అందుకే కాసేపు మంచం మీద కూర్చోబెట్టి అప్పుడు లేపండి. టిఫిన్‌కి ముడిపెట్టడం మాత్రం దయచేసి మానేయండి అక్కా, తిండి దగ్గర భయం పెడితే రేపు మాత్ర దగ్గర కూడా మొండికేస్తాడు.

పటమట అక్క:
అందరికీ థాంక్సండీ. ఇవన్నీ నాన్నకి చదివి వినిపించా, ఏం మాట్లాడలేదు. నిన్న సాయంత్రం ఎండ తగ్గాక సంచి తీసుకుని, రారా రైతుబజారుకి, నాకు బెండకాయలు ఏరడం రాదు అన్నారు. అమ్మ ఉన్నప్పుడు వాడే ఏరేవాడు. చెప్పులు వేసుకోవడానికే పావుగంట పట్టింది, నాన్న గుమ్మంలో నిలబడే ఉన్నారు, ఒక్క మాట అనలేదు. అక్కడ ఒక్కో బెండకాయ కొన విరిచి చూసి ముదురువి పక్కన పెట్టేశాడంట, అరకిలో ఏరేసరికి ఇరవై నిమిషాలు. ఇవాళ పిలిస్తే రాలేదు. రేపు మళ్లీ పిలుస్తానంటున్నారు నాన్న. సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్లాలి, మాత్ర టైము, బరువు రెండూ అడుగుతా.