వింగేట్ టెస్ట్: పొద్దున నంబరు, సాయంత్రం నంబరు ఒకటేనా?

స్ప్రింట్_పిచ్చి: మా సెలక్షన్ క్యాంపులో సగం మందికి పొద్దున ఆరున్నరకి, మిగతా సగానికి సాయంత్రం ఐదింటికి వింగేట్ (కదలని సైకిల్ మీద బలం కొలిచే టెస్ట్) పెట్టి, అందరినీ ఒకే లిస్టులో ర్యాంక్ చేశారు. నాది పొద్దున బ్యాచ్. ఇది న్యాయమేనా?

పాత_కోచ్: తమ్ముడూ, అది 1970ల్లో ఇజ్రాయెల్‌లోని వింగేట్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టిన టెస్ట్. మామూలుగా ఒంటి బరువులో కిలోకి 75 గ్రాముల చొప్పున చక్రం మీద లోడు, 30 సెకన్లు ప్రాణం పెట్టి తొక్కడం. మళ్ళీ పెట్టినా దాదాపు అదే నంబరు వస్తుంది. సైకిల్‌కి పొద్దూ సాయంత్రం తెలియదు.

ల్యాబ్_మనిషి: తొక్కే ఒంటికి తెలుసు కోచ్ గారూ. ఒంట్లో వేడి తెల్లవారుజామున బాగా తగ్గి, సాయంత్రానికి పెరుగుతుంది. దాంతోపాటే పీక్ పవర్, అంటే తొక్కుడులో వచ్చే గరిష్ఠ బలం కూడా. మీరు చెప్పే నిలకడ ఒకే వేళకి రెండుసార్లు పెడితే వచ్చేది.

పాత_కోచ్: వార్మప్ సరిగ్గా చేస్తే ఆ తేడా ఉండదు.

ల్యాబ్_మనిషి: తగ్గుతుంది, పూర్తిగా పోతుందని హామీ లేదు. పైగా మొదటిసారి తొక్కేవాళ్ళు తెలియకుండానే కాస్త దమ్ము దాచుకుంటారు. ఇక ఫెటీగ్ ఇండెక్స్ (పీక్ నుంచి చివరికి బలం ఎంత పడిపోయిందో చెప్పే లెక్క) మరీ నమ్మలేం, పీక్ కాస్త మారినా అదీ మారిపోతుంది.

గుంటూరు_రన్నర్: ఏపీ పోలీస్ ఈవెంట్స్ కూడా పొద్దున్నే మొదలవుతాయిగా?

స్ప్రింట్_పిచ్చి: సివిల్ కానిస్టేబుల్‌కి 100 మీటర్లు 15 సెకన్లలో వస్తే చాలు అన్నా, ర్యాంక్ చూడరు.

పాత_కోచ్: సెలెక్ట్ కానివాడు టైమింగ్‌ని తిట్టడం మామూలే.

స్ప్రింట్_పిచ్చి: అలా అనకండి సార్. ఖాళీ కడుపుతో రెండు నిమిషాలు తొక్కించి వెంటనే "గో" అన్నారు. లోడు పడగానే తొడలు బిగుసుకుపోయాయి. సాయంత్రం బ్యాచ్‌కి మాత్రం గ్రౌండ్‌లో రెండు రౌండ్లు, స్ట్రెచింగ్, అన్నీ చేయించారు.

పాత_కోచ్: సరే, నా బాధ చెప్తా విను. నంబరు లేని రోజుల్లో మా కుర్రాణ్ణి "వీడిలో ఊపు లేదు" అని ఒక్క మాటతో పక్కన పెట్టారు, అడిగితే సమాధానం చెప్పే దిక్కులేదు. మీరు ఈ టెస్ట్‌ని తప్పుపడితే మళ్ళీ సెలక్టర్ల ఇష్టారాజ్యమే.

ల్యాబ్_మనిషి: టెస్ట్ తీసేయమని ఎవరన్నారండీ? అందరికీ ఒకే వేళ, ఒకే వార్మప్, ముందురోజు ఒక ట్రయల్ ఉండాలి. లేకపోతే సెలక్టర్ ఇష్టం బ్యాచ్‌లు వేయడంలో దూరుతుంది.

పాత_కోచ్: ఉన్నది ఒక్క సైకిల్. అంతమందికి ఒకే సాయంత్రం ఎలా అవుతుంది?

స్ప్రింట్_పిచ్చి: రెండు మూడు సాయంత్రాలు పెట్టండి సార్.

పాత_కోచ్: ఆ అదనపు రోజుల మెస్ ఖర్చు ఎవరు పెడతారో ముందు అది తేల్చండి.