తిరిగే షాఫ్టుని ఇరుసు అనొచ్చా?

మా మేనల్లుడు రిమోట్‌తో నడిచే ఎయిర్‌బోట్ చేస్తున్నాడు. మన బెజవాడ కాలువల్లో గుర్రపుడెక్క పట్టిన చోట మామూలు బొమ్మ పడవ నాలుగు బారలు పోకముందే వేళ్లు పంకాకి చుట్టుకుని ఆగిపోతుంది. ఎయిర్‌బోట్ పంకా వెనకవైపు గాలిలోనే తిరుగుతుంది. అడుగు చదును కాబట్టి ఆకుల మీదుగా జారిపోతుంది. ఆ పంకాని మోటారుకి ఎలా కలపాలో తెలుగులో రాయమంటే, వాడు డ్రైవ్ షాఫ్టుని ‘ఇరుసు’ అన్నాడు. నాకు మనసొప్పలేదు.

ఇరుసున కందెన పెట్టకపోతే పరమేశ్వరుడి బండైనా పారదంటాం. ఎద్దుబండి ఇరుసు తాను తిరగదు. బరువు మోస్తూ కదలకుండా ఉంటే చక్రమే దాని చుట్టూ తిరుగుతుంది. రాపిడి అక్కడే, కందెన అక్కడికే. పడవలో షాఫ్టు తానే తిరుగుతూ మోటారు బలాన్ని పంకాకి అందిస్తుంది.

నాకు తోచిన మాట కదురు. రాట్నంలో పెద్ద చక్రం నుంచి దారం వచ్చి కదురుని తిప్పుతుంది. మావాడి అమరికా అదే, వేగం మాత్రం తారుమారు. మోటారు మీది చిన్న చక్రం నుంచి బెల్టు పైనున్న పెద్ద చక్రానికి వెళ్తుంది. వేగం తగ్గి, పెద్ద పంకాని తిప్పే బలం వస్తుంది. చిన్న పడవైతే పంకాని నేరుగా మోటారుకే బిగించడం మేలు, భాగాలు తక్కువ. వాడిది పెద్ద మోటారు. దాన్ని పైన పెడితే మలుపులో పడవ ఒరిగిపోతుంది. అందుకే మోటారుని అడుగున కూర్చోబెట్టి, పైన రెండు బేరింగుల్లో షాఫ్టు ఒక్కటే పెట్టాడు. ఆ రెండూ ఒకే వరసలో లేకపోతే వణుకు తప్పదు.

మీరేమంటారు?

— మాస్టారూ, ఆటోనగర్‌లో కదురు కావాలంటే ఎవరిస్తారు? షాఫ్టు కూడా తెలుగైపోయింది కదండీ.

— కొట్లో నేనూ షాఫ్టు అనే అడుగుతానండీ. నా అభ్యంతరం ఇరుసు మీదే. తిరిగేదానికీ తిరగనిదానికీ ఒకే మాట వాడితే నేర్చుకునే పిల్లవాడికి పని తీరే తప్పుగా అర్థమవుతుంది. 1921లో ఈ బెజవాడలోనే కాంగ్రెస్ 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. అలాంటి ఊళ్లో కదురు మాట పోతే నాకు బాధగా ఉంటుంది.

— గుంటూరు నుంచి అడుగుతున్నాను మాస్టారూ. చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర గుచ్చేది కడచీల. పంకా గాలిని వెనక్కి నెట్టేటప్పుడు షాఫ్టు ముందుకి తోసుకొస్తుంది కదా, దాన్ని ఆపే కాలర్‌కి, అదే షాఫ్టు మీద బిగించే కడియానికి, ఆ మాట పనికొస్తుందాండీ?

— చక్కగా పనికొస్తుందమ్మా! ఉన్నచోటి నుంచి జారకుండా ఆపడమే రెండింటి పనీ. కాలర్‌లో బిగించే చిన్న స్క్రూకి కూడా మాట దొరికితే చెప్పండి. అది వదులైతే షాఫ్టు మొత్తం ముందుకి జరుగుతోందని వాడు నిన్ననే చూపించాడు.