అప్‌డేట్: మా కెనరీ మళ్ళీ గొంతు విప్పింది

రెండేళ్ళ వయసున్న మా మగ కెనరీ పిట్ట ఆగస్టులో ఉన్నట్టుండి పాడటం మానేసిందనీ, పంజరం అడుగున రోజూ ఈకలు రాలి ఉంటున్నాయనీ ఇంతకుముందు రాశాను. ఓపికగా సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

మీరు చెప్పినట్టే పక్షుల వైద్యుడికి చూపించాము. నోరు తెరిచి ఊపిరి పీల్చడం, శ్వాసతో పాటు తోక ఊగడం, గొంతులో టిక్కుటిక్కుమనే చప్పుడు వంటివేవీ లేనందున శ్వాసనాళాల్లో చేరే సూక్ష్మ పురుగుల బెడద కాదని, ఇది ఏటా జరిగే ఈకల మార్పిడేనని, ఆ కొద్ది వారాలూ మగ కెనరీలు సాధారణంగా మౌనంగానే ఉంటాయని ఆయన వివరించారు.

అయితే మా పొరపాటు కూడా ఒకటి బయటపడింది. పగటి నిడివిని బట్టి ఋతువును గుర్తించే ఈ పక్షిని, రాత్రి 11 గంటల దాకా ట్యూబులైటు వెలిగే హాల్లో ఉంచాము. పాపం, దానికి సరైన రాత్రే లేకుండా చేశామన్న బాధ నాకు ఇంకా పోలేదు. ఇప్పుడు చీకటి పడగానే నిశ్శబ్దంగా ఉండే గదిలోకి మారుస్తున్నాము. కూలరు గాలి తగలనివ్వడం లేదు. గింజలతో పాటు ఉడికించిన గుడ్డు కొంచెం చిదిమి పెట్టి, పాడవకముందే తీసేస్తున్నాము. కాల్షియం కోసం సముద్రపు నురుగు ముక్క (కటిల్‌బోన్) పంజరంలో ఎప్పుడూ ఉంటుంది.

తల మీద తెల్లని సూదుల్లా పొడుచుకొచ్చిన కొత్త ఈకలు గత వారం విచ్చుకున్నాయి. నిన్న ఉదయం స్నానం చేసి, తడి రెక్కలు దులుపుకొని, గొంతు కింది ఈకలు వణుకుతుండగా సన్నగా మొదలుపెట్టి దాదాపు నిమిషం పాటు పాడింది.